మొన విరిగిన ముద్ర

"ఎక్కడిది ఇది?"

పెద్దోడు మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు పెంచలేదు. అతను గొంతు తగ్గించాడంటే ఇంట్లోవాళ్ళు మరింత జాగ్రత్తపడాలి.

ఇస్త్రీ బల్ల మీద లాయరుగారి తెల్ల చొక్కా పరిచి ఉంది. వీపు మీద అరచేతి వెడల్పున నూనె మరక. దాని పక్కన సగం తిన్న శాండ్‌విచ్. రొట్టె పైభాగం కనపడేట్టు తిప్పి పెట్టాడు. కాలిన రొట్టె మీద ఇస్త్రీ పెట్టె అచ్చు స్పష్టంగా పడింది. ముందు మొన తేలి ఉండాల్సిన చోట మొన లేదు. వంకరగా విరిగి ఉంది.

అలా విరిగిన పెట్టె ఒక్కటే ఉంది. అది అతని తండ్రిది.

కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఇందాకటి చెంపదెబ్బకి ఎడమ చెవి ఇంకా హోరుమంటోంది. అత్తగారు మంచం మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని కిటికీ వంక చూస్తోంది. ఆవిడకి అమాయకత్వం నటించడం చేతకాదు. నిజంగా ఏమీ తెలియనివాళ్ళు అంత తీరిగ్గా కిటికీలోకి చూడరు.

"లాయరు ఈ చొక్కా నా మొహాన కొట్టాడు," అన్నాడు పెద్దోడు. "అందరి ముందూ. ఇస్త్రీ చేస్తున్నావా, వంట చేస్తున్నావా అన్నాడు. ఇంటికొచ్చి మిగతా మూట విప్పితే మడతల మధ్య ఇది దొరికింది. నా చేత్తో ఇస్త్రీ చేసిన బట్టల మధ్య."

"నేనే తెచ్చుకున్నా," అంది కోడలు. "దారిలో ఎవరో అమ్ముతుంటే తినాలనిపించింది."

"ఎవరో."

"ఎవరో ముసలాయన."

"ముసలాయన దగ్గర మా నాన్న పెట్టె ఉందా?"

అబద్ధం చెప్పడం కూడా ఒక విద్యే. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఊరొదిలి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ముగ్గురూ ఆ శాండ్‌విచ్ కోసం వెతుకుతూనే ఉన్నారు. అందులో పెద్ద విశేషమేమీ లేదు. రొట్టె, కోడిగుడ్డు, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి కారం, పైన ఇస్త్రీ పెట్టె వేడీ బరువూ. అయినా ఇంత పెద్ద నగరంలో ఆ రుచి ఎక్కడా లేదు. సెలవు వచ్చిందంటే పెద్దోడు సైకిలెక్కి బయల్దేరేవాడు. సంచి నిండా పొట్లాలు తెచ్చి, ఒక్కొక్కటే విప్పి, రొట్టె తిప్పి చూసి చెత్తలో పడేసేవాడు. పక్కవాటా టైలరమ్మ "మీ ఆయనకి తిండి యావ ఎక్కువే" అని నవ్వేది. కోడలూ నవ్వి ఊరుకునేది. ఆయన వెతికేది తిండి కోసం కాదు, ఆ తిండి చేసే మనిషి కోసమని, దొరికితే ప్రాణాలతో వదలడని పక్కింటావిడతో ఎలా చెప్పుకుంటుంది?

ఊళ్ళో వాళ్ళ ఇస్త్రీ కొట్టుకి ఎదురుగా పొడుగోడి శాండ్‌విచ్ బండి ఉండేది. పొడుగోడూ పెద్దోడూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఒకసారి పొడుగోడి దగ్గర రొట్టె కాల్చే అచ్చు పాడైతే, మొన విరిగి బట్టలు చింపుతోందని మూలన పడేసిన తండ్రి ఇత్తడి పెట్టెని పెద్దోడే ఇచ్చాడు. పెట్టె ఇస్తే సరిపోదు, అందులోకి నిప్పులు కావాలి. రోజూ సాయంత్రం చెల్లెలు చిన్నదాని చేత ఆ నిప్పులు పంపింది కూడా పెద్దోడే. చిన్నదానికీ పొడుగోడికీ మనసు కలిసిన సంగతి వీధి వీధంతటికీ తెలిశాక చివర్న తెలిసింది అతనికి. ఆ రోజు అందరూ చూస్తుండగా పొడుగోడి కుడిచేతి వేళ్ళు రెండు విరిచాడు. కొద్దిరోజులకే చిన్నదీ, పొడుగోడూ, ఇత్తడి పెట్టే ఊళ్ళో కనపడకుండా పోయాయి. ఆ వీధిలో తలెత్తుకోలేక వీళ్ళూ మూటాముల్లె సర్దుకున్నారు.

"అమ్మా," అన్నాడు పెద్దోడు. "నువ్వు తిన్నావా?"

అత్తగారు కిటికీ వదల్లేదు.

"నిన్నే."

"తిన్నాన్రా. ఆకలేసి తిన్నాను. తింటే తప్పా?"

"మూటలో ఎందుకు దాచావు?"

"నువ్వొచ్చావు. నీ మొహం చూస్తే భయమేసింది. చేతికందిన చోట పెట్టాను."

చేతికందిన చోటు అని తేలిగ్గా అనేసింది గానీ, ఆ ఇంట్లో దాచడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టల జోలికి ఎవరూ వెళ్ళరు. మడత నలిగితే పెద్దోడు ఊరుకోడు. ఆ భయాన్నే నమ్ముకుని ఆవిడ రొట్టె ముక్కని చొక్కా కింద దోపింది. తర్వాత తీద్దామంటే సందు దొరకలేదు. నూనె మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

పెద్దోడు శాండ్‌విచ్ చేతిలోకి తీసుకున్నాడు. నలిపేస్తాడనుకుంది కోడలు. నోట్లో పెట్టుకున్నాడు.

నిలబడే తిన్నాడు, మెల్లగా. చల్లారిపోయి గట్టిపడ్డ రొట్టె. నములుతుంటే దవడ కింద నరం కదులుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముఖం చూసి కోడలికి జాలేసింది. చెంప మంటపుడుతూనే ఉంది, జాలీ వేస్తూనే ఉంది. ఈ మనిషి రోజూ సాయంత్రం కొట్టు మెట్ల మీద కూర్చుని, పొడుగోడి భుజం మీద చెయ్యేసి ఇదే తినేవాడు.

"ఈ ఉల్లిపాయ తరిగింది చిన్నదే," అన్నాడు. "వాడు ఇంత సన్నగా తరగలేడు. ఇప్పుడైతే అసలు తరగలేడు."

"మరిచిపో నాయనా," అంది అత్తగారు. ఇప్పుడు కొడుకు వంక తిరిగింది. "అది నీ చెల్లెలు. ఎత్తుకుని తిప్పావు దాన్ని."

"అందుకే."

"అందుకే అంటే?"

"నా చేత్తో నిప్పులు పంపించానమ్మా. రోజూ నేనే అడిగేవాణ్ణి, వాడికి నిప్పులిచ్చి వచ్చావా అని. వీధిలో వాళ్ళందరూ అది విని లోపల్లోపల నవ్వుకున్నారు. వాడూ నవ్వుంటాడు, నా నిప్పుల మీద కాల్చిన రొట్టె నాకే తినిపిస్తూ."

గోడ అవతల టైలరమ్మ కుట్టుమిషను టకటకలాడుతోంది.

అతను చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుంది లాయరు చొక్కాకే. ఇక ఆ చొక్కా మీద ఆశ వదులుకున్నట్టుంది.

"చెప్పు," అన్నాడు భార్యతో. "ఎక్కడ?"

"తెలీదండీ."

దెబ్బ కుడివైపు పడింది. కోడలు తూలి బొగ్గుల బస్తా మీద పడింది. లేచేలోపు జుట్టు పట్టుకుని లేపాడు. బల్ల కోడు ఆమె కాలికి తగిలింది. నీళ్ళు చల్లే డబ్బా దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది.

"తెలీదు," అంది మళ్ళీ. నోట్లో ఉప్పగా రక్తం తగిలింది.

తెలియకపోవడమేం, ఆమెకే తెలుసు. చిన్నదాన్ని మొదట కనిపెట్టింది ఆమే. అత్తగారి మోకాళ్ళ మందు కోసం పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు, గేటు దగ్గర వెల్లుల్లి కారం వాసన కాళ్ళకి అడ్డంపడింది. తిరిగి చూస్తే బండి వెనకాల చిన్నది, పొట్ట మీద చెయ్యేసుకుని, ఇత్తడి పెట్టె ఎత్తి రొట్టె మీద పెడుతోంది. "వదినా" అంది. ఇద్దరూ ఏడ్చారు, తర్వాత నవ్వారు, తర్వాత తిన్నారు. అప్పట్నించీ మందుకని వెళ్ళిన ప్రతిసారీ ఒక ముక్క అత్తగారి కోసం దాచి తెచ్చేది. కూతుర్ని చూసే దారి లేని తల్లి ఆ ముక్కనే ముందు కళ్ళకద్దుకుని ఆ తర్వాత కొరికేది.

అత్తగారికి తెలిసింది అంతవరకే. ఆసుపత్రి గేటు. ఆ తర్వాతి సంగతి కోడలు ఆవిడకి చెప్పలేదు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. బండి అక్కణ్ణించి మారిపోయింది. ఇప్పుడు నగరానికి ఆ చివర, ఐసు ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర ఉంది. నిన్న ఆ రొట్టె అక్కణ్ణించే వచ్చింది. కోడలు ఆ మాటని పళ్ళ మధ్య నొక్కిపట్టి ఉంచింది. ఐసు ఫ్యాక్టరీ. ఆ మాట బయటికొస్తే పొడుగోడు ఉండడు. ఇంకో రెండు నెలల్లో చిన్నదానికి పుట్టబోయే బిడ్డ ఉంటుందో లేదో. అడ్డంపడితే చిన్నదైనా మిగులుతుందన్న నమ్మకం లేదు.

పెద్దోడు బల్ల మీది ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. ఇది ఇనుపది, పొద్దుట్నించీ నిప్పులతోనే ఉంది. కన్నాల్లోంచి ఎర్రగా కనపడుతోంది. వేలు నాలుకకి తాకించి పెట్టె అడుగున అంటించి చూశాడు, చుయ్యిమంది. ఎవరి చొక్కా మీద పెట్టబోయే ముందైనా అలాగే చూస్తాడు.

"చెయ్యి ఇలా పెట్టు."

"ఏమండీ."

"పెట్టమన్నానా."

"ఒరేయ్, నీకేమన్నా పిచ్చా?" అత్తగారు మంచం దిగింది. మోకాళ్ళు సహకరించలేదు, గోడ పట్టుకుని వచ్చింది. వస్తూ వస్తూ గూట్లోని చెంబు తీసి కొడుకు మీదికి విసిరింది. భుజానికి తగిలి కింద పడింది. అతను తల కూడా తిప్పలేదు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆవిడ బట్టల మూట మీద కూలబడింది. కొత్తగా మడతపెట్టిన బట్టలన్నీ చెల్లాచెదురయ్యాయి. వాటినీ అతను పట్టించుకోలేదు. అప్పుడు అర్థమైంది ఇద్దరాడవాళ్ళకీ, ఈ రోజు మామూలు రోజు కాదని.

కోడలి మణికట్టు పట్టుకుని లాయరు చొక్కా మీద అదిమాడు.

"ఎక్కడ?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

పెట్టె దింపాడు. పూర్తిగా పెట్టలేదు, అంచు ఆనించాడు. అంచు చాలు. కోడలి అరుపు విని గోడ అవతల కుట్టుమిషను ఆగిపోయింది. మాంసం మాడిన వాసన గదంతా కమ్మింది. తర్వాత టకటక మళ్ళీ మొదలైంది, ముందుకన్నా వేగంగా. ఇతరుల సంసారం మన చెవిన పడకూడదంటే మిషను తొక్కుతూ ఉండాలి మరి.

"ఇంకోసారి అడుగుతా."

కోడలు ఆ రెండు ముక్కలూ పళ్ళు దాటనివ్వలేదు. అతను మళ్ళీ పెట్టె ఎత్తాడు.

"ఆపరా," అంది అత్తగారు కింద కూర్చునే. "దాన్ని వదులు. నేను చెప్తాను."

"అత్తయ్యా, వద్దు."

"నువ్వు ఊరుకో అమ్మాయ్. నా కూతురి కోసం నువ్వు కాలడమేంటి?" ఆవిడ కొడుకు వంక చూసింది. "ఐసు ఫ్యాక్టరీ లేదూ, ఆ చివర. అక్కడ పెట్టుకున్నారు బండి."

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్దోడు నమ్మలేదు. తల్లి వంక అనుమానంగా చూశాడు. "ఐసు ఫ్యాక్టరీయా? అంత దూరం ఇది ఎప్పుడు వెళ్ళింది? నువ్వు నన్ను తిప్పుదామని చూస్తున్నావు."

"నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

"అమ్మా, నీ అబద్ధాలు నాకు తెలియవా?"

అక్కడ కోడలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ కాలిన చేత్తో, చెదిరిన బుర్రతో ఉన్న మనిషికి అంత నిబ్బరం ఎక్కణ్ణించి వస్తుంది?

"అక్కడ లేరండీ," అని అతని కాళ్ళ మీద పడింది. "అత్తయ్య అబద్ధం చెప్తోంది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎవరూ లేరు. అటు వెళ్ళకండి. ఒట్టు, అక్కడ లేరు. కావాలంటే ఇంకో చెయ్యి కూడా కాల్చండి."

పెద్దోడు వంగి ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ముఖాన్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసి ఉండడు. చూశాడు. పెట్టె నిటారుగా నిలబెట్టాడు, బల్ల కాలకుండా.

"అయితే అక్కడే ఉన్నారు," అన్నాడు.

బొగ్గులు పగలగొట్టే సుత్తి గోడ మూలన ఉంటుంది. దాన్ని తీసి, ఎప్పుడూ బట్టలు మూటకట్టే గుడ్డలో చుట్టాడు. సైకిలు వెనక కట్టుకుంటే చూసినవాళ్ళు ఎవరిదో చొక్కాల మూట అనుకుంటారు. గడప దాకా వెళ్ళి ఆగాడు.

"చేతికి ఏదన్నా రాసుకో," అన్నాడు భార్యతో, తల తిప్పకుండా.

తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది, తాళం పడింది. సైకిలు స్టాండు తీసిన చప్పుడు. అంతే.

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. కాస్త కుంటుతూ వంటగట్టు దాకా వెళ్ళి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. కోడలి పక్కన చతికిలబడి, కాలిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. చర్మం ఊడి ఎర్రగా ఉన్న చోట నూనె చుక్కలు వేస్తుంటే ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కానీ పెదాల మీద సన్నగా నవ్వు ఉంది. అదే కోడలికి అర్థం కాలేదు.

"నా కడుపున పుట్టిన పులి," అంది. "పోనీలే. ఎంత తిరిగినా ఖాళీ రోడ్డు తప్ప ఏం కనపడుతుంది? మళ్ళీ వచ్చేలోపు మనం ఏదో ఒకటి చెయ్యొచ్చు. నువ్వు భలేదానివే అమ్మాయ్. నేను చెప్తే నమ్మలేదు వెధవ. నీ మొహం చూసి నమ్మాడు. ఆ కాళ్ళ మీద పడటం, ఆ ఒట్టు పెట్టడం. నాకే నిజమేమో అనిపించింది."

కోడలు నోరు తెరిచింది. అత్తగారు మాట్లాడనివ్వలేదు.

"టైలరమ్మని కేకేద్దాం. ఆవిడ దగ్గర కత్తెరలూ సుత్తులూ ఏవో ఉంటాయి, తాళం పగలగొడుతుంది. నువ్వు పరుగున పెద్దాసుపత్రి గేటుకి వెళ్ళి వాళ్ళని ఊరు దాటించెయ్యి."

"అత్తయ్యా," అంది కోడలు. "ఐసు ఫ్యాక్టరీ అని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? నా బుర్రకి తట్టింది. వీడు బట్టలు ఇవ్వడానికి వెళ్ళని చోటేదా అని ఆలోచించా. ఆ లాయర్ల వీధి, ఆ బ్యాంకు, అన్నిచోట్లా మన గిరాకీ ఉంది. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు పొద్దస్తమానం తడిబట్టల్లో ఉంటారు. వాళ్ళకి ఇస్త్రీ ఎందుకు? వీడు ఆ ఛాయలకి ఒక్కసారైనా పోలేదు. దారి కూడా సరిగ్గా తెలీదు వీడికి. ఇస్త్రీ కొంపలో పుట్టి పెరిగినదానికి ఇంతమాత్రం తట్టదా?"

ఆవిడ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. ఆ గర్వాన్ని చూడలేక కోడలు కళ్ళు మూసుకుంది.

"వాళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర లేరు అత్తయ్యా."

"లేరా?"

"కొత్తగా ఒప్పుకున్న నర్సుల కోట్లు ఇవ్వడానికి ఆయన వస్తుంటే చిన్నది దూరం నుంచి చూసింది. బండి కింద దాక్కుందట. ఆ రోజే తీసేశారు."

"మరి ఇప్పుడు?"

అత్తగారి చేతిలో నూనె గిన్నె పక్కకి ఒరిగింది. నూనె చాప మీద పడుతున్నా ఆవిడ గమనించలేదు.

"చిన్నది అంది," కోడలు మెల్లగా చెప్పింది. "ఇస్త్రీ బట్టలు వేసుకోని జనం ఉన్న చోటు వెతుక్కుంటే చాలు వదినా, అన్నయ్య అటు రాడు అంది."

గోడ అవతల మిషను టకటకలాడుతోంది. అత్తగారు కోడలి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం అప్పుడు నటించలేదని ఇప్పటికి అర్థమైంది ఆవిడకి. పెదాల మీది నవ్వు ఆరిపోయింది.

"దానికి నా బుర్రే వచ్చింది," అంది.

తర్వాత ఏడవలేదు. కోడలి చెయ్యి జాగ్రత్తగా కింద పెట్టి, గోడ పట్టుకోకుండా లేచింది. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ అలా లేవడం అదే మొదలు. బల్ల దగ్గరికి వెళ్ళి కొడుకు నిలబెట్టి పోయిన ఇస్త్రీ పెట్టెని రెండు చేతులతో ఎత్తింది. పిడి కాలుతోంది. ఆవిడ వదల్లేదు. తలుపు గొళ్ళెం ఉన్న చోట, చెక్క మీద, బలమంతా పెట్టి కొట్టింది. మూత ఊడి నిప్పులు ఆవిడ పాదాల చుట్టూ చెదిరిపడ్డాయి. మళ్ళీ కొట్టింది. చెక్క చిట్లింది గానీ గొళ్ళెం కదల్లేదు. మళ్ళీ కొట్టింది.

గోడ అవతల మిషను ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు.